మూడో తారీఖు వేలిముద్ర

సీఐ త్రినాథ్ నా ముందు ఒక కాగితం పడేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"చదువుకో రెబ్కా. తీరిగ్గా చదువుకో. నీ మిస్సింగ్ అమ్మాయి మొన్న మూడో తారీఖు పొద్దున రేషన్ షాపుకొచ్చి, వేలిముద్ర వేసి, బియ్యం తీసుకుని వెళ్ళింది."

చదివాను. నమ్మకం కుదరక మళ్ళీ చదివాను. ఇండ్ల పున్నమ్మ. మార్చి 3. పది గంటల నలభై రెండు నిమిషాలు. వేలిముద్ర సరిపోయింది.

పున్నమ్మకి ఇరవై మూడేళ్ళు. చిలకలూరిపేట శివార్లలో కాలవగట్టు మీద ఉన్న యానాది కాలనీ పిల్ల. హైవే పక్కన మిర్చి కోల్డ్ స్టోరేజిలో తొడిమలు తీసే పనికి పోతుంది. ఫిబ్రవరి పదకొండు, బుధవారం పొద్దున ఏడింటికి పనికి వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదు. తల్లి చెంచమ్మ పదమూడున స్టేషనుకి వెళితే "చుట్టాలింటికి పోయుంటుంది, రెండ్రోజులు చూడు" అని పంపేశారు. పదహారున వెళితే కేసులు రాసే రైటర్ లేడన్నారు. ఇరవైన కేసు కట్టారు. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. అదే నెలలో ఒక మిల్లు ఓనరుగారి బుల్లెట్ బండి పోతే తొమ్మిది గంటల్లో వెతికి, తుడిచి, ఇంటికి తోలుకెళ్ళి అప్పజెప్పారు. ఈ వివరం నేను కావాలనే కనుక్కున్నాను. నాకు అలాంటి వివరాలు గుర్తుపెట్టుకునే జబ్బుంది.

"ఆ షాపుకి నువ్వెళ్ళావా?" అన్నాను.

"మిషన్ చెప్పాక మనిషినెందుకు అడగాలి?"

"తల్లినడిగావా?"

"అడిగాం. నోరు మెదపలేదు. నేల చూపులు చూస్తూ నిలబడింది. అక్కడే అర్థం కావడంలా?" త్రినాథ్ కాగితం వెనక్కి లాక్కున్నాడు. "వీళ్ళ సంగతి నీకు తెలీందేముంది? ఎవడితోనో పోతారు, నాలుగు రోజులకి వస్తారు, మళ్ళీ పోతారు. కోల్డ్ స్టోరేజి వాళ్ళ దగ్గర ఏదైనా రాలుతుందేమోనని తల్లి ఏడుస్తోంది. నువ్వు ఆ ఏడుపు మోస్తున్నావ్."

"కోల్డ్ స్టోరేజికైనా వెళ్ళావా?"

"రేపు పదిన్నరకి కోర్టులో ఫైనల్ రిపోర్టు వేస్తున్నా. మనిషి బతికే ఉంది, ఇష్టపడి వెళ్ళింది, కేసు క్లోజ్. నువ్వు పోయి పెళ్ళి సంబంధాలు చూసుకో."

అది ఎత్తిపొడుపు. త్రినాథ్, నేను ఒకే బ్యాచ్ ఎస్సైలం. వాడు సీఐ అయ్యాడు. నేను ఆరేళ్ళ కింద రాజీనామా చేసి, బస్టాండు ఎదురుగా మేడ మీద గది తీసుకుని, పెళ్ళికొడుకు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా అని ఎంక్వయిరీలు చేసుకుంటూ బతుకుతున్నాను. చెంచమ్మ ఆ మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది ఫిబ్రవరి ఇరవై ఆరున. ఎవరో చెప్పారట, ఈ మేడమ్‌కి పోలీసులంటే గిట్టదని.

గిట్టకపోవడం కాదు. ఏడేళ్ళ కింద అద్దంకి వైపు ఒక యానాది పిల్ల తప్పిపోతే, పైనుంచి చెప్పారని 'ఇష్టపడి వెళ్ళింది' అని రాసి సంతకం పెట్టింది నేనే. ఆ పిల్ల తండ్రి ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని ఒంగోలు కలెక్టరాఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. నన్ను చూస్తే లేచి దణ్ణం పెట్టేవాడు. చచ్చిపోయేదాకా వచ్చాడు. పిల్ల ఇప్పటికీ దొరకలేదు. అవే రెండు మాటలు ఇప్పుడు త్రినాథ్ రాస్తున్నాడు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. బయటికొచ్చి స్కూటీ స్టార్ట్ చేస్తున్నప్పుడు నాకు చెంచమ్మ మీద కూడా కోపం వచ్చింది. పన్నెండు రోజులుగా ఆమె కోసం చుట్టాల ఊళ్ళన్నీ తిరుగుతున్నాను. వేలిముద్ర సంగతి ఆమెకి తెలిసీ నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తేల్చుకోవాలి. కానీ ముందు, పోలీసులే కాదు, నేనూ ఇంకా కాలు పెట్టని చోటు ఒకటుంది. టైము పదీ ఇరవై. రేపు పదిన్నరకి ఇంకా ఒక రోజుంది.

* * *

కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర మేస్త్రి పానకాలు ఎదురొచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి. తొడిమల షెడ్డుకి ఆడకూలీలని తెచ్చేదీ, పని చెప్పేదీ, పంపేదీ అతనే. వాళ్ళు సీజను మధ్యలో ఇంకో మేస్త్రి దగ్గరికి పోకుండా ఆధార్ కార్డులు కూడా అతనే దాచిపెట్టుకుంటాడు. ఉగాదికి తిరిగి ఇస్తాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు పానకాలూ. పదకొండో తారీఖు ఏం జరిగింది?"

"ఏముందండీ, సాయంత్రం నాలుగింటికి వెళ్ళిపోయింది. నేను ఇక్కడే ఉన్నానండి. ఎవడో నల్ల పల్సర్ మీద వచ్చాడు. ఎక్కి కూర్చుంది, పోయింది."

"పని ఎన్నింటికి దిగుతారు?"

"ఐదున్నరకండి."

"మరి నాలుగింటికే ఎందుకు వదిలావు?"

"ఒంట్లో బాగాలేదందండి."

"ఒంట్లో బాగాలేని పిల్ల పల్సర్ ఎక్కిందా? సరే. ఏం బట్టల్లో ఉంది?"

"పని బట్టలేనండి. పైన మగచొక్కా, తలకి తువ్వాలు. అందరూ అలాగే కదండీ ఉంటారు."

"తువ్వాలు కూడా విప్పలేదు?"

"లేదండి. అలాగే ఎక్కేసింది."

"దాని ఆధార్ కార్డు ఏదీ?"

"ఇచ్చేశానండి. ఆ రోజే అడిగింది, ఇచ్చేశా."

"ఉగాదికి గానీ ఎవరికీ ఇవ్వవు కదా?"

"దానికి ఇచ్చానండి," అన్నాడు, ఫోను వంక చూసుకుంటూ.

అబద్ధం చెప్పేవాళ్ళు వివరాలు తక్కువ చెబితే దొరకరు. పానకాలు ఒక వివరం ఎక్కువ చెప్పాడు. మిర్చి షెడ్డులో ఆడవాళ్ళు చీర మీద వేసుకునే మగచొక్కా నిండా కారం ఉంటుంది. ఆ చొక్కాతో ఇంటికి పోతే చంటిపిల్లల్ని ఎత్తుకోలేరు, ఆటోలో పక్కన ఎవరూ కూర్చోనివ్వరు. పని దిగగానే మొదట చేసేది దాన్ని విప్పి దులపడం, చేతులకి నూనె రాసి కడుక్కోవడం. ఇష్టపడ్డవాడితో లేచిపోయే పిల్ల కారపు చొక్కాతో వాడి వీపుకి ఆనుకుని కూర్చుంటుందా?

షెడ్డులోకి వెళ్ళాను. అరవై మంది ఆడవాళ్ళు మిరపకాయల రాశుల మధ్య కూర్చుని గబగబా తొడిమలు గిల్లుతున్నారు. నాకు రెండో అడుగుకే తుమ్ములు మొదలయ్యాయి. పానకాలు వెనకాలే వస్తున్నాడు. మూలన గోనెపట్టాలు కుట్టి కట్టిన తెర ఉంది.

"అది ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే చోటండి," అన్నాడు.

"అయితే నువ్వు రాలేవుగా," అని తెర ఎత్తి లోపలికి పోయాను.

గోడకి వరసగా మేకులు. ఒక్కో మేకు ఒక్కో మనిషిది. ఇంటినుంచి వేసుకొచ్చిన మంచి బట్ట, చేతిసంచి దానికి తగిలిస్తారు. ఒకరి మేకు ఇంకొకరు ముట్టుకోరు. మగవాళ్ళు అసలే రారు. చివరి నుంచి మూడో మేకుకి ఒక నీలం సంచి వేలాడుతోంది. దాని మీద ఒక వేలు మందాన ఎర్రటి దుమ్ము పేరుకుంది. మిగతా వాటి మీద ఆ దుమ్ము లేదు.

నా వెనక తెర కదిలింది. యాభై ఏళ్ళావిడ, ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, నోటికి వేలు అడ్డం పెట్టింది.

"పున్నమ్మదేనమ్మా. మేం ముట్టుకోలేదు. వస్తుందేమోనని."

"నీ పేరు?"

"వెంకటరావమ్మ. మెల్లగా మాట్లాడు, ఆడు బయటే ఉన్నాడు."

సంచి దించి చూశాను. మడతపెట్టిన పచ్చ ఓణీ. ప్లాస్టిక్ జోళ్ళు. కొబ్బరినూనె సీసా. సగం ఖాళీ అయిన గాజుల పొట్లం. అడుగున స్టీలు టిఫిన్ డబ్బా. మూత తియ్యగానే వాసన గుప్పుమంది. డబ్బా నిండా బూజు పట్టిన అన్నం. పక్కన చిన్న గిన్నెలో నల్లగా అయిపోయిన పచ్చడి. ఒక్క ముద్ద కూడా తినలేదు.

"ఇక్కడ అన్నానికి ఎన్నింటికి లేస్తారు?"

"ఒంటిగంటకి."

నాలుగింటికి పల్సర్ ఎక్కిన పిల్ల ఒంటిగంట అన్నం తినలేదు. జోళ్ళు వేసుకోలేదు. మంచి ఓణీ సంచిలోనే ఉంది.

"ఆఖరిసారి నువ్వెప్పుడు చూశావు?"

"పదకొండింటికి. పైన మూడో అంతస్తులో బస్తాలు పగిలాయి, ఊడవడానికి రమ్మని మేస్త్రి పిలిచాడు. బస్తాల లిఫ్టులో పైకి పోయింది. కాసేపటికి పెద్ద చప్పుడైంది. ఆ వెంటనే కరెంటు తీసేశారు. మళ్ళీ వచ్చేసరికి అరగంట. ఏమైందంటే, దానికి ఒళ్ళు బాగాలేదు, వెనక గేటునుంచి పంపేశానన్నాడు."

"ఇదంతా పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏ పోలీసులమ్మా? ఇక్కడికెవరొచ్చారు? మమ్మల్నెవరడిగారు?"

సంచి చంకన పెట్టుకుని, పోతూ పోతూ అడిగాను. "ఇంకొక్క సంగతి. పున్నమ్మ మూడో తారీఖున రేషన్ షాపులో వేలిముద్ర వేసిందంటున్నారు."

వెంకటరావమ్మ కళ్ళల్లో నీళ్ళతోనే నవ్వింది. కుడిచేతి బొటనవేలు నా కళ్ళ ముందు పెట్టింది. ఎర్రగా, నున్నగా, గాజుముక్కలా మెరుస్తోంది. ఒక్క గీత లేదు.

"జనవరిలో రాశి ముందు కూర్చున్నామంటే నెల తిరక్కుండా గీతలు పోతాయమ్మా. గేటు దగ్గర హాజరు మిషన్ పెట్టి నెల తిరక్కుండా పీకేశారు, మా వేళ్ళు పట్టుకోడంలేదని. ఉగాదికి పని ఆగితే ఎండాకాలం సగం పోయాక గానీ మళ్ళీ రావు. మా బియ్యం మా ఆయన వేలుతోనే వస్తాయి. పున్నమ్మ వేలు మిషన్ తీసుకుందా? ఎవరు చెప్పారు నీకు?"

తెర బయటికి వచ్చేసరికి పానకాలు చూపు నేరుగా నీలం సంచి మీద పడింది. ముఖంలో రంగు మారింది. నేను ఆగకుండా లిఫ్టు దగ్గరికి నడిచాను. బస్తాలెక్కించే చెక్కపలకల లిఫ్టు అది. ఏళ్ళ తరబడి కారం పట్టి పలకలన్నీ ముదురు ఎరుపు తిరిగి ఉన్నాయి. మధ్యలో మూడు మాత్రం కొత్తవి, ఇంకా తెల్లగా ఉన్నాయి. ఫోటోలు తీశాను.

"ఈ పలకలు ఎప్పుడు మార్చారు?"

"ఓనరుగారు ఫోన్ చేస్తున్నారండి. మిమ్మల్ని బయటికి పంపెయ్యమంటున్నారు."

"ఎప్పుడు మార్చారని అడిగా."

"మేడమ్‌గారూ, మీరిప్పుడు డిపార్ట్‌మెంట్‌లో లేరుగా," అన్నాడు. గొంతులో ఇందాకటి 'అండి' లేదు.

* * *

కాలనీకి వెళ్ళేసరికి ఒంటిగంటన్నర. చెంచమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. పెద్దకూతురు అంకాలు లోపల రెండు నెలల బిడ్డకి పాలిస్తోంది. పున్నమ్మ కన్నా ఏడాది పెద్ద. కాన్పు కోసం ఏడోనెలలో పుట్టింటికి వచ్చి ఇక్కడే ఉంది, ఈ సీజను మిర్చి పనికి పోలేదు. అక్కాచెల్లెళ్ళు ఒకే అచ్చు.

నేను కూర్చోలేదు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"చెంచమ్మా, మూడో తారీఖున రేషన్ షాపులో పున్నమ్మ పేరు మీద వేలు పెట్టిందెవరు?"

ఆమె తల దించుకుంది. త్రినాథ్ చెప్పింది నిజమే. అచ్చం అలాగే నేల చూసింది.

"నీకోసం నేను రోడ్లు పట్టుకు తిరుగుతున్నా. నాకే అబద్ధం చెబుతావా? రేపు పొద్దున ఆ వేలిముద్ర చూపించి కేసు మూసేస్తున్నారు. తెలుసా నీకు?"

"అమ్మనేం అనొద్దు మేడమ్." లోపలినుంచి అంకాలు బిడ్డని భుజాన వేసుకుని వచ్చింది. "పెట్టింది నేనే."

"నీ వేలు పున్నమ్మ పేరుకి ఎలా సరిపోతుంది?"

"ఆధార్‌లో నేనే పున్నమ్మని."

అప్పుడు కూర్చున్నాను.

అంకాలు చెప్పింది. తొమ్మిదేళ్ళ కింద ఊరి బడిలో ఆధార్ క్యాంపు పెట్టారు. యానాదుల్ని చివరికి, చీకటి పడుతుంటే పిలిచారు. ఒకడు కాగితం మీద పేర్లు రాసుకున్నాడు, ఇంకొకడు కెమెరా ముందు కూర్చోబెట్టాడు. రాసుకున్న వరస ఒకటి, వీళ్ళు కూర్చున్న వరస ఇంకొకటి. పున్నమ్మ పేరు కింద అంకాలు ముఖం, అంకాలు వేళ్ళు ఎక్కాయి. అంకాలు పేరు కింద పున్నమ్మవి ఎక్కాయి. కార్డులు వచ్చాక ఇంట్లో చదవడం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

"బొమ్మ చూసి ఎవరి కార్డు వాళ్ళం తీసుకున్నాం మేడమ్. నా ముఖమున్నది నా కార్డే అనుకున్నా."

రెండేళ్ళకి రేషన్ డీలరు బుడే చెబితే తెలిసింది. సరిచేయించుకోవడానికి మూడుసార్లు సెంటరుకి వెళ్ళారు. పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నారు.

"మేం కాలవగట్టు మీద పుట్టాం. సర్టిఫికెట్ ఎవరిస్తారు? తర్వాత ఎవరో అన్నారు, ఎక్కువ కదిలిస్తే కార్డు మొత్తం రద్దయిపోద్దని. ఊరుకున్నాం. డీలరు పున్నమ్మా అని పిలిస్తే నేను పోతా. అంకాలూ అంటే అది పోయేది."

"ఇది సీఐకి చెబితే పోయేది కదా!"

చెంచమ్మ అప్పుడు తలెత్తింది. "దొంగ వేలుముద్రని ఇద్దర్నీ లోపలేస్తే? పసిబిడ్డ తల్లమ్మా ఇది. ఒక పిల్ల పోయింది. ఇంకో పిల్లని నా చేతుల్తో ఎట్టా పట్టిచ్చేది?" అని గుండె మీద కొట్టుకుంది. "బియ్యం తెచ్చుకోకపోయినా బాగుండేది. ఐదు కిలోల బియ్యం కోసం నా బిడ్డని నేనే మాయం చేసుకున్నా."

నాకు సిగ్గేసింది. పొద్దున్నుంచి ఈమె మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత కోపం తగ్గి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పున్నమ్మ ముఖం, పున్నమ్మ వేళ్ళు ఉన్న కార్డు మీద పేరు అంకాలు. పానకాలు దాచిపెట్టుకున్నది ఆ కార్డే. అంటే నేనూ పోలీసులూ ఇన్నాళ్ళుగా తప్పు పేరు కోసం వెతుకుతున్నాం.

"అంకాలూ, నీ పేరు మీద ఈ నెల్లో ఏమైనా కాగితం వచ్చిందా? ఫోన్‌కి మెసేజీ? ఏదైనా?"

"నా పేరే తీసేశారు మేడమ్," అంది, అదేం పెద్ద విషయం కానట్టు. "మూడో తారీఖునే. మిషన్లో నీ పేరు పోయిందే అన్నాడు బుడే."

"ఎందుకు పోయిందో అడగలేదా?"

"మా పేర్లు అట్టాగే పోతుంటాయి, మళ్ళీ వస్తుంటాయి. ఎవర్ని అడుగుతాం?"

* * *

గ్రామ సచివాలయంలో కంప్యూటర్ ముందుండే దీప్తి పాతికేళ్ళ అమ్మాయి. ఒక పెళ్ళి సంబంధం ఎంక్వయిరీ పుణ్యమా అని నాకు పరిచయం. అంకాలు నంబరు కొట్టింది. ఇంకో స్క్రీను తెరిచింది. నా వైపు తిరిగి, చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది.

"మేడమ్, ఈ అమ్మాయి చనిపోయింది."

టైము రెండూ యాభై.

"మొత్తం చదువు."

"ఇండ్ల అంకాలు. ఫిబ్రవరి పదకొండు, మధ్యాహ్నం రెండూ ఇరవై. ఒంగోల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. కారణం గుండె ఆగిపోవడం."

"వయసు?"

"ఇరవై నాలుగు." దీప్తి గొంతు తగ్గింది. "ఇరవై నాలుగేళ్ళకి గుండె ఆగిపోయిందా మేడమ్?"

గుంటూరు ఇక్కడికి నలభై కిలోమీటర్లు. పెద్దాసుపత్రి ఉంది, గంటలోపు పోవచ్చు. ఒంగోలు డెబ్బై. ప్రాణం పోతున్న పిల్లని కార్లో వేసుకుని నలభై వదిలేసి డెబ్బై తిప్పారు. అక్కడైతే ఆ ముఖాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఉండరు. గుంటూరు తీసుకెళితే బతికేదేమో.

"శవాన్ని ఎవరు తీసుకున్నారు? చనిపోయిందని రాయించిందెవరు?"

"మేనమామ అని ఉంది మేడమ్. పేరు పానకాలు."

రెండూ ఇరవైకి చచ్చిపోయిన పిల్లని నాలుగింటికి పల్సర్ ఎక్కించాడు ఈ మేనమామ. ఇంతకన్నా చేదైన సంగతి ఇంకొకటుంది. కంప్యూటర్ దృష్టిలో చచ్చిపోయిన పున్నమ్మ నిక్షేపంగా బతికుంది, ప్రతి నెలా బియ్యం తీసుకుంటుంది. బతికున్న అంకాలు చచ్చిపోయింది. చచ్చిన పిల్ల మీద కేసు లేదు, కేసున్న పిల్ల చావలేదు. ఈ ముడి విప్పగలిగే సాక్ష్యం ఒక్కటే. అంకాలు. ఆమె కోర్టులో నిలబడి వేలు చూపిస్తే చావు సర్టిఫికెట్ అబద్ధమని తేలుతుంది. పానకాలు, వాడి వెనకున్న ఓనరు, ఆసుపత్రి అందరూ బయటికొస్తారు.

దీప్తి కాపీలు తీస్తుంటే వరండాలోకి వచ్చి త్రినాథ్‌కి ఫోన్ చేశాను. మూడూ పదిహేను.

చేయకుండా ఉండాల్సింది. కానీ పొద్దున వాడు కాగితం నా ముఖాన పడేసిన తీరు నాలో మండుతూనే ఉంది. గెలిచానని వాడికి వినిపించాలనిపించింది. ఇది దాచుకోను.

"నీ ఫైనల్ రిపోర్టు చింపెయ్ త్రినాథ్. పున్నమ్మ పదకొండో తారీఖునే చచ్చిపోయింది. అక్క పేరు మీద చచ్చిపోయింది." ఆధార్ సంగతి, లిఫ్టు పలకలు విరిగిన సంగతి, ఒంగోలు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "రేపు పదిన్నరకి ఆ అంకాల్ని, కార్డు సరిచేయించే అర్జీతో, చంటిబిడ్డతో సహా జడ్జిగారి ముందు నిలబెడతా. అప్పుడు చెప్పు, ఇష్టపడి వెళ్ళిందని."

వాడు తిడతాడనుకున్నాను. వెటకారం చేస్తాడనుకున్నాను.

"మంచి పని చేశావ్ రెబ్కా," అన్నాడు. మెత్తగా అన్నాడు. "ఆ అంకాలు ఇప్పుడు ఎక్కడుంది?"

"కాలనీలోనే. తల్లి దగ్గర."

"సరే. రిపోర్టు ఆపుతా. ఈలోపు ఎవరికీ చెప్పకు."

పెట్టేశాక కూడా నాకేం అనుమానం రాలేదు. పన్నెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసినదాన్ని, ఆ మెత్తదనం వింటే ఒళ్ళు జలదరించాలి. జలదరించలేదు. చెంచమ్మకి ఈ చావు కబురు ఎలా చెప్పాలా అన్న ఆలోచనలోనే ఉన్నాను. కాపీల మీద సంతకం పెట్టాల్సిన సెక్రటరీ టీకి వెళ్ళాడు. వచ్చేసరికి నాలుగు కావొచ్చింది.

దారంతా మాటలు వెతుక్కున్నాను. నీ పిల్ల దొరికింది చెంచమ్మా, కానీ... అనాలా? ముందు కూర్చోమని చెప్పి, తర్వాత చెప్పాలా? అద్దంకి తండ్రికి ఏ కబురూ చెప్పలేకపోయాను. ఈమెకైనా నిజం చెప్పగలుగుతున్నాను, అంతవరకూ నయమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

స్కూటీ ఆపేసరికి నాలుగూ పది. చెంచమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బిడ్డ ఆమె చేతుల్లో గుక్కపట్టి ఏడుస్తోంది. నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది. ఈ పన్నెండు రోజుల్లో ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"అంకాలేదీ?" అన్నాను.

"ఇప్పుడే రావాలమ్మా. పాలకి ఏడుస్తోంది పిల్ల. గంటలో దింపేస్తామన్నారు."

"ఎవరు?"

"నువ్వు పంపినోళ్ళేగా? మూడున్నరకి తెల్లకారు వచ్చింది. ఇద్దరు మగోళ్ళు. రేపు కోర్టుంది, ఈ లోపలే కార్డు సరిచేయించాలి, రెబ్కా మేడమ్ తీసుకురమ్మన్నారని చెప్పారు. అది రానంది, బిడ్డకి పాలియ్యాలని." చెంచమ్మ బిడ్డని భుజం మార్చుకుంది. "నేనే తిట్టి ఎక్కించాను తల్లీ. మేడమ్ మనకోసం ఇంత తిరుగుతుంటే నువ్వు ఒక్క గంట పోలేవా అని."